కోడికూతకు నంబరు

చీకటి విదియ

వర్గీకరణ గుమాస్తాలందరూ ఇక మీదట దినచర్య రాయాలని పై ఆఫీసు ఆజ్ఞ. ఎవరికి ఏ నంబరు ఎందుకు వేశామో కారణాలు ఉండాలట. సరే, రాస్తాను. నోరు ఆగదని నాకు ఎలాగూ పేరుంది, చెయ్యి కూడా ఆగదని ఇప్పుడు తెలుస్తుంది.

నా పేరు హైమావతి. వెన్నెలపేటలో తూర్పు సొరంగాల గుమాస్తాని. చంద్రుడి మీద ఊరు కట్టి దానికి వెన్నెలపేట అని పేరు పెట్టిన మహానుభావుడెవరో గాని, ఇక్కడ వెన్నెల ఉండదన్న సంగతి ఆయనకు తట్టినట్టు లేదు. పదిహేను తిథులు ఎండ, పదిహేను తిథులు చీకటి. చీకటి పక్షంలో దాచుకున్న కరెంటుతోనే నెట్టుకురావాలి. అందుకని ఏ కొట్టుకు ఎంత వెలుతురు, ఎంత నీరు, ఎంత గాలి అన్నది పంపిణీ యంత్రం తేలుస్తుంది. ఊళ్లో దాన్ని 'పెద్దమనిషి' అంటారు. పెద్దమనిషికి మొహాలు తెలీవు, నంబర్లే తెలుసు. వ్యవసాయం ఒకటో రంగం, గనులు రెండు, తయారీ మూడు, అలా ఇరవై దాకా పోతాయి. ఆ నంబరు వేసేదాన్ని నేను. పెళ్లిళ్లలో వడ్డించేవాడు మనవాడైతే చాలంటారు గదా, అందుకే నేనెక్కడికి వెళ్లినా కుర్చీ తుడిచి వేస్తారు.

ఈ రోజు కొత్త వర్గీకరణ వచ్చింది. అందులో 'ఇతరాలు' అనే గడి తీసేశారు. ఎక్కడా ఇమడని వ్యాపారాలన్నిటినీ ఇన్నాళ్లూ అందులోకి తోసేవాళ్లం. ప్రతి ఇంట్లోనూ ఒక అటక ఉంటుంది, ఇది మా అటక. చీకటి పక్షం ముగిసేలోగా అందులో ఉన్న అందరికీ ఏదో ఒక రంగం చూపించాలి. లేకపోతే వెలుగు పాడ్యమి నాడు పెద్దమనిషి ఆ తలుపులు మూసేస్తాడు.

నా అటకలో ఉన్నవాళ్లను చాలావరకు మధ్యాహ్నానికే సర్దేశాను. పోయిన మరలు వెతికిపెట్టే ఆయన మరమ్మతుల్లోకి వెళ్లాడు. జాతకాలు చెప్పే ఆయన్ను సమాచార సేవల్లో వేశాను, ఆయన పొంగిపోయాడు. మిగిలింది ఒక్కటే: ఏడో సొరంగంలో మట్టపర్తి మంగాయమ్మ గారి కోడికూత.

చీకటి తదియ

మంగాయమ్మ గారి కొట్టుకు వెళ్లాను. కొట్టంటే ఒక గది, దానికి వల, వల వెనుక ఒక పుంజు. ఎర్రటి పుంజు, పేరు దొరబాబు. భూమి మీద పుంజు గోడెక్కుతుంది. ఇక్కడ బరువు తక్కువ కాబట్టి ఎగిరితే కప్పుకు తల కొట్టుకుంటుంది, అందుకే వల. ముందు ఒక బల్ల. దొరబాబు కూసే వేళకు జనం వచ్చి ఆ బల్ల మీద కూర్చుంటారు. రాలేనివాళ్ల గదుల్లోకి గొట్టం గుండా కూత వెళుతుంది. అందుకు తమ వాటా గింజల్లోంచి, నీళ్లలోంచి ఆవిడకు కొంచెం కొంచెం ఇస్తారు. ఇదీ వ్యాపారం.

మంగాయమ్మ గారు ఇక్కడికి గనుల మెస్సులో వంటమనిషిగా వచ్చారు. వంట యంత్రాలు రాగానే ఆవిడ పని పోయింది. ఆ రోజుల్లోనే పరిశోధన తోటవాళ్లు పొదిగించిన గుడ్లలో ఒకటి మగపిల్ల అయింది. గుడ్లు పెట్టదని పారెయ్యబోతుంటే ఆవిడ కొంగులో వేసుకొచ్చారు.

"మీ వ్యాపారంలో ప్రధానంగా ఏం అమ్ముతారు?" అని అడిగాను. మా పుస్తకంలో మొదటి ప్రశ్న అదే.

"కూతండి."

"కూత దేనికి పనికొస్తుంది?"

"అది కొనుక్కున్నోళ్లనడగాలండి. ఉల్లిపాయలమ్మేవోణ్ణి పట్టుకుని ఇది పులుసులోకా, పచ్చడిలోకా అనడుగుతారేటండి?"

నాకు నవ్వొచ్చింది, కానీ గుమాస్తా నవ్వకూడదు. ఆవిడ మంచం కింది నుంచి ఒక రేకు బోర్డు తీసి చూపించారు. 'మట్టపర్తి మంగాయమ్మ, రంగం నంబరు' అని చెక్కించి, పక్కన ఖాళీ వదిలారు. ఇతరాలకు నంబరుండదు, బోర్డుండదు. ఈ బోర్డు ఎప్పుడో చేయించి పెట్టుకున్నారట.

"ఈసారైనా నంబరేయించండి అమ్మా. అందరి తలుపుల మీదా ఉంటాది, నా తలుపే బోసిగా ఉంటాది" అన్నారు.

మనసు కలుక్కుమంది. అక్కడికక్కడే వేసేశాను: ఒకటో రంగం, వ్యవసాయం, కోళ్ల పెంపకం. చీకట్లో అందరికంటే ఎక్కువ వెలుతురు వ్యవసాయానికే వస్తుంది. మంచి పని చేశానని ఈలవేసుకుంటూ వచ్చి, ఆఫీసు పొట్లం విప్పుకుని అన్నం తిన్నాను. ఒక్కదాన్నే తింటాను. ఎవరింట్లో తిన్నా ఆ ఇంటివాళ్లకు నంబరు వేసే అధికారం గుమాస్తాకు పోతుంది. అందుకని నన్నెవరూ పిలవరు, నేనూ వెళ్లను.

చీకటి షష్ఠి

నా మంచితనం తగలబడ.

మంగాయమ్మ గారికి పెద్దమనిషి దగ్గర్నుంచి తాఖీదు వచ్చింది. కోళ్ల పెంపకం కింద వెలుతురు తీసుకున్నవాళ్లు పక్షం చివరికి గుడ్లు గాని మాంసం గాని ఊరి కొట్టుకు జమ చెయ్యాలి. దొరబాబు గుడ్లు పెట్టడు. ఇక మిగిలింది ఏమిటో నేను రాయక్కర్లేదు.

ఆవిడ తాఖీదు నా బల్ల మీద పెట్టి నిలబడ్డారు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"నాకు మాట సాయం చేసేవోళ్లెవరూ లేరండి. ఆడొక్కడే నన్ను చూసి అరుత్తాడు" అన్నారు.

ఒకసారి వేసిన నంబరు మార్చాలంటే పై ఆఫీసు తనిఖీ అధికారి వచ్చి చూడాలి. కబురు పెట్టాను. అమావాస్య నాడు వస్తానన్నారు. ఆయన వచ్చేసరికి దొరబాబుకు సరైన రంగం చూపించాలి, లేదంటే వాడు కూరగిన్నెలోకి వెళతాడు. తప్పు నాది, దిద్దాల్సిందీ నేనే.

చీకటి అష్టమి

కొన్నవాళ్లనే అడగమన్నారు గదా, అడిగాను.

మస్తాన్ గాలి సూట్లు కుడతాడు. ఆయన అన్నాడు: "ఇక్కడ గడియారం ఉంటాదండి, పొద్దు ఉండదు. దొరబాబు అరిస్తే నమాజుకి లేత్తాను. యంత్రం లేపితే డ్యూటీకి లేచినట్టుంటాది."

అయితే సమయ సేవ అనుకుని పన్నెండో రంగం తెరిచాను. అందులో కూత క్షణం తేడా లేకుండా పడాలని ఉంది. దొరబాబు నిన్న రెండుసార్లు కూశాడు, ఈ రోజు ఎవరో తుమ్మితే కూశాడు. లాభం లేదు.

సోమయాజులు గారు అద్దాలు సానబడతారు, డెబ్బై దాటాయి. "అది వింటే నాకు ఊపిరి సాఫీగా ఆడుతుందమ్మా" అన్నారు. వైద్యం రంగం చూశాను. డాక్టరు సంతకం కావాలి. డాక్టరు నన్ను ఎగాదిగా చూసి, నీకు నిద్ర సరిగ్గా పడుతోందా అని అడిగాడు.

ఎస్తేరు గనిలో డ్రిల్లు నడుపుతుంది, పాతికేళ్ల పిల్ల. "ఏదో సరదాగా ఉంటదండి" అంది. సరదా అంటే వినోదం, పదిహేడో రంగం. చీకట్లో కరెంటు తగ్గినప్పుడు మొదట ఆపేది వినోదాన్నే. వెలుతురు, వెచ్చదనం ఆగిపోతే ఆ గదిలో కోడే కాదు, మనిషి కూడా ఉండలేడు.

ఒకే కూతను ముగ్గురు కొన్నారు, మూడు వేర్వేరు సరుకులు పట్టుకెళ్లారు. మా పుస్తకం రాసినవాళ్లు ఈ సొరంగంలోకి ఒక్కసారైనా వచ్చి ఉంటే బాగుండేది.

చీకటి దశమి

దొరికింది. పుస్తకం చిట్టచివర, ఇరవయ్యో రంగం: ఇళ్లు. 'ఒక ఇంటివారు తమ కోసం తాము చేసుకునే పనులు, పెంచుకునే ప్రాణులు.' వాటికి తాఖీదు లేదు, జమ లేదు. ఇంటికిచ్చే వెలుతురు, గాలి, వెచ్చదనం ఎప్పుడూ ఆగవు. దొరబాబు పెంపుడు ప్రాణి అయిపోతే చాలు, వాడి జోలికి ఎవరూ రారు.

చిక్కేమిటంటే ఒంటరి మనిషికి ఇంటి వాటా ఇవ్వరు, పడక వాటానే. అందులో కోడికి చోటు లేదు. ఇల్లు అనిపించుకోవాలంటే కనీసం నలుగురుండాలి. నలుగురూ రక్తసంబంధీకులే అయ్యుండాలని లేదు. పుస్తకంలో ఇంటికి ఒకటే నిర్వచనం: 'ఒక పొయ్యి మీద వండుకు తినేవారు.' జనాభా లెక్కలవాళ్లు ఏనాటి నుంచో వాడుతున్న మాటే అది.

పరుగున వెళ్లి ఏడో సొరంగంలో ముగ్గురికీ చెప్పాను. మీ మీ గదుల్లో పొయ్యిలు తీసి జమ చేసెయ్యండి, మంగాయమ్మ గారి గదిలో ఒక్క పొయ్యి ఉంచండి, నలుగురూ దాని మీదే వండుకు తినండి అన్నాను. మస్తాన్ ఆలోచిస్తూ గడ్డం గోక్కున్నాడు. సోమయాజులు గారు మాత్రం ఆ మాట వింటూనే రెండు చెవులూ మూసుకున్నారు.

"ఆయన ఎండుచేప కాల్చుకునే పొయ్యి మీద నేను పప్పు వండుకోవాలా?"

"నా ఎండుచేప సంగతి తవరికెందుకండీ? భూమ్మీంచి మా అక్క పంపితే ఏడాదికోపాలి తింటాను" అన్నాడు మస్తాన్.

వాళ్లిద్దరినీ సర్దే లోపలే అసలు దెబ్బ తగిలింది. మంగాయమ్మ గారు ఒప్పుకోలేదు.

చీకటి ఏకాదశి

ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. పై ఆఫీసువాళ్లు చదవాలి.

"నేను పన్నెండేళ్లప్పట్నించి వండుతున్నానండి. పుట్టింట్లో వండాను, అత్తింట్లో వండాను. ఏం చేత్తావంటే 'ఏమీ చెయ్యదు, ఇంట్లో ఉంటాది' అనీవోరు. ఆ మాట పడలేకే చందమామ మీదకొచ్చాను. మెస్సులో పేరు రాశారు, నంబరిచ్చారు. అదీ పోయింది. ఇది నా సొంతంగా పెట్టుకున్న యాపారమండి. ఇప్పుడు మీరొచ్చి మళ్లీ ఇంట్లో కూకోమంటన్నారు."

మా అమ్మ గుర్తొచ్చింది. మా అమ్మను ఎవరైనా ఏం చేస్తావని అడిగితే మేమే జవాబు చెప్పేవాళ్లం, ఏమీ చెయ్యదని. ఇరవయ్యో రంగంలో వేసిన పని ఊరి ఉత్పత్తి లెక్కలోకి రాదు, తలుపు మీద నంబరు బోర్డూ ఉండదు. పుస్తకంలో ఆ గడి చివర ఎందుకు పెట్టారో నాకు తెలుసు, ఆవిడకూ తెలుసు.

"మీ ఇష్టం మంగాయమ్మ గారూ. బోర్డు కావాలంటే వినోదంలో వేస్తాను, నంబరొస్తుంది. వాడు మాత్రం దక్కడు" అన్నాను. చాలా కఠినంగా అన్నాను. ఇంకోలా అనడం చేతకాలేదు.

ఆవిడ వల దగ్గరకు వెళ్లారు. దొరబాబు ఆవిడ చేతిలో గింజలు తిని, గాజును కూడా గింజే అనుకుని పొడిచాడు. తర్వాత ఆవిడ గోడకు ఆనించి ఉన్న రేకు బోర్డు తీసి మళ్లీ మంచం కిందికి తోశారు.

"పొయ్యి ఎక్కడ పెడతారో పెట్టండి" అన్నారు నా వైపు చూడకుండా.

చీకటి ద్వాదశి

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఇల్లు కట్టడం గోడలు కట్టడం కాదని నాకీ రోజే తెలిసింది.

ఒక్కొక్కరిదీ ఒక్కో రంగం, ఒక్కో షిఫ్టు. ఎస్తేరుకు తెల్లవారినప్పుడు సోమయాజులు గారికి పొద్దుగూకుతుంది. పక్కపక్క గదుల్లో ఆరేళ్లుగా ఉంటున్నవాళ్లు కలిసి ఒక్క పూట తిన్నది లేదు. ఎవరికీ వీలైన వేళ దొరక్క చివరికి దొరబాబు కూసిన వేళకే అన్నం అని తీర్మానించారు. వాడు ఎవరి షిఫ్టూ కాడు గదా.

పొయ్యి గొడవ మంగాయమ్మ గారే తేల్చారు. "ముందు అయ్యగారి పప్పు దిగుద్ది. ఆ తరవాత మస్తానుది. మళ్లీ కడిగి ముగ్గేత్తాను. పొయ్యొకటన్నారు గాని గిన్నొకటనలేదు గదండి?"

లేదు, అనలేదు. పుస్తకం మళ్లీ తెరిచి చూశాను. గిన్నెల ప్రస్తావనే లేదు.

చీకటి త్రయోదశి

మొదటి పూట. తనిఖీకి ముందు నేను చూడాలి కాబట్టి చూడటానికి వెళ్లాను. సోమయాజులు గారు గోడ వైపు తిరిగి తిన్నారు. మస్తాన్ ఆయనకు ఎదురుగా కాకుండా అవతల కూర్చున్నాడు. ఎస్తేరు ఒక్కతే ఇద్దరితోనూ మాట్లాడుతూ రెండుసార్లు అన్నం వేయించుకుంది. పొడి పుట్టగొడుగులతోనే ఆవిడ పులుసు పెట్టారు. ఆ వాసనకు నా కడుపు మాడిపోయింది. మంగాయమ్మ గారు నా వైపు పళ్లెం జరపబోయి ఆగారు. నేనూ చెయ్యి చాచబోయి ఆగాను. తింటే నా సంతకం చెల్లదు, దొరబాబు బతకడు.

ఆఫీసుకొచ్చి పొట్లం విప్పాను. తినబుద్ధి కాలేదు.

చీకటి చతుర్దశి

సోమయాజులు గారు ఈ పూట గోడ వైపు తిరగలేదు. మెడ నొప్పి అన్నారు. మస్తాన్ ఆ నొప్పి నిజమేనని సాక్ష్యం చెప్పాడు.

అమావాస్య

తనిఖీ అధికారి కమలాకరం గారు వచ్చారు. సన్నటి మనిషి, మాట అంతకంటే సన్నం. చెడ్డవాడు కాదు. ఇలాంటి దొంగ ఇళ్లు ఈ పక్షంలో చాలా చూశాను, వెలుతురు కోసం అందరూ ఇళ్లైపోతున్నారు అని దారిలోనే చెప్పారు.

మేం వెళ్లేసరికి దొరబాబు అప్పుడే కూసినట్టున్నాడు. సోమయాజులు గారు, మస్తాన్ పళ్లేల ముందు కూర్చుని ఉన్నారు, మంగాయమ్మ గారు వడ్డిస్తున్నారు. ఎస్తేరు ఇంకా రాలేదు. ఆయన గదులన్నీ తిరిగి, పొయ్యిలు తీసేసిన చోట్లు వేలితో తడిమి చూశారు. వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

"ఇంటి పెద్ద ఎవరు?"

చచ్చాం. పొయ్యి అనుకున్నాం, వేళ అనుకున్నాం, గిన్నెలు కూడా అనుకున్నాం. ఈ మాట ఎవరమూ అనుకోలేదు. నేను నోరు విప్పడానికి లేదు. సోమయాజులు గారు వయసులో పెద్ద. మస్తాన్ ఆయన వైపు చూశాడు. ఆయన ముద్ద పట్టుకుని అలాగే ఉండిపోయారు. కమలాకరం గారు కలం తీశారు.

అప్పుడే ఎస్తేరు గని నుంచి వచ్చింది. జుట్టు నిండా బూడిద. గుమ్మంలో కొత్త మనిషి ఉన్నాడని కూడా చూసుకోకుండా, ఆయన్ను భుజంతో జరిపి లోపలికి వచ్చి పళ్లెం పట్టుకుంది.

"ఏయ్ పిల్లా, ఈ ఇంటి పెద్ద ఎవరు?" అని ఆయన దాన్ని అడిగారు.

"కళ్లు కనపడతల్లేదాండి? గరిటి ఎవరి చేతిలో ఉంది?" అంది ఎస్తేరు.

"అంతేనండి" అన్నారు సోమయాజులు గారు వెంటనే. "మంగాయమ్మ గారే. ఆవిడ చెప్పినట్టే మేం." మస్తాన్ తలూపాడు. ఆ ముగ్గురిలో ఏ ఒక్కరికీ ముందు ఎవరూ నేర్పలేదు. దేవుడి మీద ఒట్టు.

మంగాయమ్మ గారి చేతిలో గరిటె ఆగిపోయింది. ఆవిడ మొహం నేను చూశాను. బోర్డు నాకు చూపించిన రోజున ఎలా ఉన్నారో అలా ఉన్నారు.

"అయితే అమ్మా, మీరు చెప్పండి" అన్నారు కమలాకరం గారు, వల వైపు కలం చూపిస్తూ. "ఆ కోడి ఏం పని చేస్తుంది?"

ఇదే కీలకం. కూస్తాడు, జనం వింటారు, గింజలిస్తారు అని ఒక్క ముక్క వచ్చిందా, అది వ్యాపారం. అంతా మొదటికొస్తుంది. ఆవిడకు ఆ కూత గురించి గొప్పగా చెప్పుకోవడమంటే ఎంత ఇష్టమో నాకు తెలుసు.

ఆవిడ దొరబాబు వైపు చూశారు. తర్వాత తన చేతుల వైపు చూసుకున్నారు. తర్వాత ఆయన వైపు తిరిగారు.

"ఇంట్లో ఉన్నోణ్ణి పట్టుకుని ఏం పని చేత్తావని అడుగుతారేటండి? ఆడిక్కడుంటాడు, అంతే. మీరు కూకోండి. అన్నం సల్లారిపోద్ది."

కమలాకరం గారు కలం మూశారు. ఏమనుకున్నారో తెలీదు. ఆయన కూర్చోలేదు, కానీ వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగి పులుసు వాసన పీల్చారు. నేను స్వయంగా చూశాను.

వెలుగు పాడ్యమి

పైన ఎక్కడో ఎండ వచ్చిందట. సొరంగాల్లో ఎవరికీ కనపడలేదు. ఏడో సొరంగంలో దొరబాబు కూశాడు. పెద్దమనిషి ఏ తలుపూ మూయలేదు, తాఖీదు కూడా వెనక్కి తీసుకున్నాడు.

తలుపు మీద బోర్డు వేలాడుతోంది. 'రంగం నంబరు' అన్న మాటల్ని సోమయాజులు గారు సానరాయితో అరగదీసి, ఆ చోట 'గారి ఇల్లు' అని చెక్కారు. మేకులు కొట్టింది మస్తాన్. మంగాయమ్మ గారు చాలాసేపు చూసి, అక్షరాలు వంకరగా ఉన్నాయన్నారు. తర్వాత కొంగుతో బోర్డు తుడిచారు. బోర్డు మీద తుడవడానికి దుమ్మేమీ లేదు, తుడవాల్సిన తడి ఆవిడ కళ్లలోనే ఉంది.

నేను ఆఫీసుకు వచ్చి ఒక అర్జీ రాశాను. ఏడో సొరంగాన్ని నా అధికారం నుంచి తప్పించి వేరే గుమాస్తాకు అప్పగించమని. కారణం రాయాల్సిన చోట కారణం రాశాను.

ఇక నుంచి అక్కడ అన్నం తింటాను.